హెవీ హాల్ గూడ్స్ లైన్లలో ట్రాక్, బ్రిడ్జి: తరచుగా అడిగే ప్రశ్నలు

చాలా రైల్వేల్లో ట్రాక్ ఒక విభాగం కింద, బ్రిడ్జి ఇంకో విభాగం కింద ఉంటాయి. అబట్‌మెంట్ గోడ (బ్రిడ్జి చివరని మోసే గోడ) దగ్గర ఒకరి పని ఆగి ఇంకొకరిది మొదలవుతుంది. గొడవలన్నీ సరిగ్గా ఆ గోడ దగ్గరే పుడతాయి. అనుమానాలు కూడా ఎప్పుడు చూసినా అవే వస్తుంటాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొదట వచ్చే అనుమానాలు

హెవీ హాల్ అంటే అసలు ఎంత బరువు?

అంతర్జాతీయ హెవీ హాల్ సంఘం మూడు కొలతలు పెట్టింది. రైలు బరువు కనీసం 5,000 టన్నులు. యాక్సిల్ లోడు, అంటే ఒక ఇరుసు మీద పడే బరువు, 25 టన్నులు లేదా ఆపైన. కనీసం 150 కిలోమీటర్ల లైన్ మీద ఏటా 2 కోట్ల స్థూల టన్నుల రవాణా. ఈ మూడింటిలో రెండు ఉంటే ఆ లైన్‌ని హెవీ హాల్ కింద లెక్కేస్తారు. దక్షిణాఫ్రికాలోని సిషెన్–సల్దాన్యా లైన్ 1,067 మి.మీ. గేజి మీదే 30 టన్నుల యాక్సిల్ లోడు నడుపుతుంది. ఆస్ట్రేలియాలోని పిల్బరా ఖనిజపు లైన్లలో అది 40 టన్నుల దాకా వెళ్లింది. అంటే ఒక్కో చక్రం కింద 20 టన్నులు. అదంతా పట్టా మీద ఆనేది బొటనవేలి గోరంత చోట.

బ్రిడ్జి గట్టిగా ఉంటే చాలు కదా, పైన ట్రాక్ ఎలా ఉంటే దానికేంటి?

చాలదు. ఆ మాట యూరోపియన్ డిజైన్ కోడే చెబుతుంది. కదిలే రైలు వల్ల అదనంగా పడే దెబ్బకి కోడ్‌లో రెండు గుణకాలున్నాయి: ట్రాక్‌ని శ్రద్ధగా చూసుకునే లైన్‌కి ఒకటి, మామూలుగా చూసుకునే లైన్‌కి ఇంకొకటి. 10 మీటర్ల స్పాన్‌కి (రెండు ఆధారాల మధ్య దూరం) లెక్క వేస్తే మొదటిది సుమారు 1.31, రెండోది 1.46 వస్తాయి. అదే గర్డరు (బరువు మోసే దూలం), అదే రైలు. ట్రాక్ సంరక్షణ ఒక్కటే తేడా, దానికి బ్రిడ్జి మోయాల్సిన భారం పదకొండు పన్నెండు శాతం పెరిగింది. శ్రద్ధగా చూసుకుంటామన్న హామీతో కట్టిన బ్రిడ్జి మీద ట్రాక్‌ని గాలికి వదిలేస్తే, డిజైన్‌లో లేని బరువుని మనమే తెచ్చి పెట్టినట్టు.

చక్రాల సంగతి కూడా ఇంతే. బ్రేకు పట్టేసి చక్రం జారినప్పుడు దాని మీద ఒకచోట చదును పడుతుంది. తర్వాత చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ చదును పట్టాని కొడుతుంది. ఉత్తర అమెరికాలో పట్టా పక్కన అమర్చిన కొలమానం 90,000 పౌండ్ల దెబ్బ, అంటే సుమారు 400 కిలోన్యూటన్లు, చూపిస్తే ఆ చక్రాన్ని తీసేయమని నిబంధన. 32.5 టన్నుల యాక్సిల్‌లో ఒక చక్రం నిలకడ మీద మోపేది 160 కిలోన్యూటన్లే. ఆ రెండున్నర రెట్ల దెబ్బ చిన్న కల్వర్టు మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బ్రిడ్జి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కుదుపు ఎందుకొస్తుంది?

కట్ట కుంగుతుంది, బ్రిడ్జి కుంగదు. పైల్స్ మీద నిలబడ్డ అబట్‌మెంట్ ఉన్నచోటే ఉంటుంది. దాని వెనక పోసిన మట్టి మాత్రం ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. గోడకి ఆనుకుని రోలర్ తిప్పలేరు కాబట్టి సరిగ్గా ఆ నాలుగైదు మీటర్లలోనే మట్టి వదులుగా మిగిలిపోతుంది.

ముందు ఒకట్రెండు స్లీపర్ల (పట్టాల కింది అడ్డ దిమ్మల) కింద సన్నని ఖాళీ ఏర్పడుతుంది. పట్టా గట్టిది కాబట్టి ఆ స్లీపర్లు కింద ఆనకుండా పట్టాకే వేలాడతాయి. రైలు వచ్చినప్పుడు కిందికి కొట్టుకుని, వెళ్లాక పైకి లేస్తాయి. ఆ కొట్టుడుకి కంకర నలిగి ఖాళీ పెరుగుతుంది, ఖాళీ పెరిగితే కొట్టుడు పెరుగుతుంది.

రెండు చివర్లూ ఒకేలా పాడవ్వవు. ఎక్కే వైపు చక్రం గుంటలోంచి పైకి లేస్తూ అబట్‌మెంట్ అంచుని, డెక్ (బ్రిడ్జి పై తలం) మీది మొదటి స్లీపర్లని కొడుతుంది. దిగే వైపు అది గుంటలోకి పడి, కొన్ని మీటర్లు అవతల కట్ట మీది కంకరని కొడుతుంది. ఖనిజపు లైన్లలో నిండు రైళ్లు ఒకే దిక్కున నడుస్తాయి. ఏ చివర ఎక్కువ పాడైందో చూసే ముందు నిండు రైలు ఎటు పోతుందో తెలుసుకోండి.

కంకర లేని బ్రిడ్జి మంచిదా, కంకర పరిచిన డెక్ మంచిదా?

హెవీ హాల్‌కి కొత్తగా కడుతుంటే కంకర డెక్కే. గర్డర్ల మీద నేరుగా స్లీపర్లు పెట్టే ఓపెన్ డెక్ తేలిక, చవక, నీరు నిలవదు. కానీ దాని మీద, కంకరని స్లీపర్ల కిందికి కుక్కే ట్యాంపింగ్ మెషీన్ పనిచేయదు. చక్రం దెబ్బ చెదరకుండా నేరుగా గర్డరు మీద పడుతుంది. స్లీపర్లని పట్టుకునే హుక్ బోల్టులు కొన్నాళ్లకి వదులవుతాయి. కంకర డెక్ బరువెక్కువే అయినా దెబ్బని పంచుతుంది, లైన్ మొత్తం ఒకే పద్ధతిలో చూసుకోవచ్చు. పాత ఉక్కు బ్రిడ్జికి కంకర డెక్ వేద్దామనుకుంటే మాత్రం ముందు ఆ అదనపు బరువుకి లెక్క చూడాలి. చాలాసార్లు అక్కడే ఆలోచన ఆగిపోతుంది.

## యాక్సిల్ లోడు పెంచే ముందు

25 టన్నుల నుంచి 32.5 టన్నులకి పెంచితే బ్రిడ్జి కూలిపోతుందా?

సాధారణంగా వెంటనే ఏమీ కాదు, అందుకే ఇది మోసం చేసే ప్రశ్న. బలానికి ఉన్న భద్రతా గుణకం 30 శాతం పెంపుని చాలా బ్రిడ్జిల్లో మింగేస్తుంది. తినేసేది ఆయుష్షుని. ఉక్కులో ఫెటీగ్ (మళ్లీమళ్లీ పడే ఒత్తిడికి లోహం అలిసి పగలడం) నష్టం ఒత్తిడి హెచ్చుతగ్గుల ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది: 1.3ని మూడుసార్లు గుణిస్తే సుమారు 2.2. అంటే ఒక్కో లోడు రెండు రెట్లకి పైగా నష్టం చేస్తుంది. అదే సరుకు తక్కువ యాక్సిళ్ల మీద పోతుంది కాబట్టి కొంత కలిసొస్తుంది గానీ, పూర్తిగా కాదు. పైగా యాక్సిల్ లోడు పెంచిన ఏ లైన్ అయినా సరుకు కూడా పెంచకుండా ఊరుకోదు.

పెద్ద బ్రిడ్జి కంటే చిన్న స్పాన్లకే ముప్పు ఎక్కువ అంటారు, నిజమేనా?

ఫెటీగ్ విషయంలో నిజమే. వంద మీటర్ల ట్రస్ (త్రికోణాల ఉక్కు చట్రం) మీదికి వంద వ్యాగన్ల రైలు వస్తే, దాని ప్రధాన సభ్యాలకి (పెద్ద ఉక్కు కడ్డీలకి) అది దాదాపు ఒకే పెద్ద ఒత్తిడి సైకిల్: బరువు ఎక్కింది, నిలిచింది, దిగింది. అదే ట్రస్‌లో స్లీపర్ల కింద ఉండే ఐదారు మీటర్ల స్ట్రింగర్‌కి అలా కాదు. రెండు వ్యాగన్ల మధ్య కప్లింగ్ దగ్గర నాలుగు యాక్సిళ్లు దగ్గర దగ్గరగా వస్తాయి; ఆ గుంపు వచ్చిన ప్రతిసారీ ఒక పూర్తి సైకిల్. వంద వ్యాగన్లకి సుమారు వంద సైకిళ్లు. రోజుకి పది రైళ్లనుకుంటే ఏడాదికి మూడున్నర లక్షల పైచిలుకు.

కాబట్టి పాత ట్రస్‌ని తనిఖీ చేస్తూ పెద్ద సభ్యాలనే చూసి వచ్చేస్తే ఉపయోగం లేదు. స్ట్రింగర్, క్రాస్ గర్డరుకి కలిసే చోటికి వెళ్లండి. పై ఫ్లాంజ్ కోసిన మూల దగ్గర పెయింట్ మీద వెంట్రుకంత గీత, దాని వెంట ఎర్రటి తుప్పు నీరు కారిన మరక కనిపిస్తే అది పెయింట్ పగులు కాకపోవచ్చు.

పాత డ్రాయింగ్ మీద కూపర్ ఈ-40, ఈ-80 అని ఉంటుంది. అదేంటి?

థియోడర్ కూపర్ 1894లో ప్రతిపాదించిన ఆవిరి ఇంజిన్ల లోడు నమూనా. ‘ఈ’ అక్షరం పక్కనున్న అంకె ఇంజిన్ చోదక యాక్సిల్ మీది వేల పౌండ్లు. ఈ-80 అంటే 80,000 పౌండ్లు. ఆవిరి ఇంజిన్లు పోయి దశాబ్దాలైనా ఉత్తర అమెరికాలో డిజైన్ లోడు ఇప్పటికీ ఆ నమూనాలోనే ఉంది. అంకె మాత్రం పెరుగుతూ వచ్చింది. యూరప్‌లో మోడల్ 71 వాడతారు: ఒక్కోటి 250 కిలోన్యూటన్ల నాలుగు యాక్సిళ్లు, వాటికి రెండు పక్కలా మీటరుకి 80 కిలోన్యూటన్లు. భారీ లైన్లకి దాన్ని 1.33 లేదా అంతకు మించిన గుణకంతో పెంచుతారు. నమూనా పేరు కంటే, మీ లైన్‌లో నడిచే అసలు వ్యాగన్ ఆ స్పాన్ మీద ఎంత వంపు తెస్తుందో పోల్చుకోవడమే పని.

బ్రేకు వేస్తే బ్రిడ్జి మీద ఎంత తోపు పడుతుంది?

అనుకున్న దానికంటే ఎక్కువ. చిన్న స్పాన్లలోనైతే బ్రేకు కంటే ఇంజిన్ లాగుడే ఎక్కువ. ఉత్తర అమెరికా సూత్రం ప్రకారం 20 మీటర్ల పొడవుకి బ్రేకు తోపు 550 కిలోన్యూటన్లు, లాగుడు సుమారు 890. 100 మీటర్లకి రెండూ 2,000 దగ్గర సమానమవుతాయి. యూరోపియన్ కోడ్‌లో లాగుడు మీటరుకి 33 కిలోన్యూటన్లు, మొత్తం 1,000 దాటదు. బ్రేకు మీటరుకి 20, పరిమితి 6,000.

ఈ తోపంతా బేరింగ్‌కే (గర్డరు ఆనే దిమ్మకే) పోదు. పట్టా తెగకుండా అవతలి కట్ట మీదికి సాగుతుంటే అది కొంత భాగాన్ని కట్టకి మోసుకెళ్తుంది. ఎంత భాగమన్నది పియర్ (బ్రిడ్జి మధ్య స్తంభం) ఎంత గట్టిదో, కంకర ఎంత పట్టుకుందో దాన్నిబట్టి ఉంటుంది. ట్రాక్, బ్రిడ్జి ఒకే కట్టడమని ఇంత సూటిగా తేల్చే లెక్క ఇంకోటి లేదు.

## డిజైన్, పట్టా వేసే దశ

బ్రిడ్జి మీద జాయింట్ లేకుండా వెల్డెడ్ పట్టా వేయొచ్చా?

వేయొచ్చు, పొడవుకి హద్దుంది. అంతర్జాతీయ రైల్వే యూనియన్ 774-3 పత్రం ప్రకారం కంకర ట్రాక్‌కి సాగే పొడవు ఉక్కు డెక్‌లో 60 మీటర్లు, కాంక్రీట్ డెక్‌లో 90 మీటర్ల దాకా పట్టాలో ఎక్స్‌పాన్షన్ పరికరం (పట్టా సాగడానికి వదిలే జాయింట్) అక్కర్లేదు. సాగే పొడవంటే కదలని బేరింగ్ నుంచి డెక్ చివరిదాకా. కదలని బేరింగ్ మధ్యలో ఉంటే డెక్ పొడవు దానికి రెట్టింపు ఉండొచ్చు.

కారణం ఇది. కట్ట మీద వెల్డెడ్ పట్టా సాగలేదు కాబట్టి వేడి మొత్తం బలంగా మారుతుంది. 60 కిలోల పట్టాలో డిగ్రీకి సుమారు 18.5 కిలోన్యూటన్లు, 40 డిగ్రీలు పెరిగితే ఒక్కో పట్టాలో 740, అంటే 75 టన్నుల పైనే. బ్రిడ్జి మాత్రం ఎండకి నిజంగానే సాగుతుంది. 60 మీటర్ల కాంక్రీట్ డెక్ 35 డిగ్రీలకి సుమారు 21 మి.మీ. కదులుతుంది. కదలనంటున్న పట్టాని కదిలే డెక్ కంకర ద్వారా లాగుతుంది. ఆ లాగుడు ఖాళీ ట్రాక్‌లో మీటరుకి 20 కిలోన్యూటన్లు, రైలు మీదుంటే 60 దాకా వెళ్తుంది.

ఇలా బ్రిడ్జి వల్ల పట్టాలో అదనంగా వచ్చే ఒత్తిడి నొక్కుడులో 72, సాగుడులో 92 మెగాపాస్కల్స్ దాటకూడదని అదే పత్రం అంటుంది. ఈ అంకెలని 40 టన్నుల లైన్‌కి గుడ్డిగా తీసుకోవద్దు. బరువైన చక్రం కింద పట్టాలో వంపు ఒత్తిడి ఎక్కువ, కాబట్టి బ్రిడ్జికి మిగిలే వాటా తక్కువ.

ఎక్స్‌పాన్షన్ జాయింట్ పెట్టేస్తే గొడవ వదిలిపోతుందిగా?

ఒక గొడవ పోయి ఇంకోటి వస్తుంది. పట్టాలో బలం తగ్గుతుంది, కానీ ప్రతి చక్రం ఆ జాయింట్‌ని కొడుతుంది. అక్కడి స్లీపర్లు ముందు వదులవుతాయి, జాయింట్‌లో జారే పట్టా నాలుక అరుగుతుంది. పెట్టక తప్పని చోట పెట్టండి. ధైర్యం కోసం మాత్రం పెట్టొద్దు.

అప్రోచ్ (బ్రిడ్జికి ఆనుకున్న కట్ట) కింద ఏం వేస్తే కుంగకుండా ఉంటుంది? సిమెంట్ మట్టా, జియోసెల్లా (మట్టిని పట్టి ఉంచే ప్లాస్టిక్ గళ్లు), స్లాబా?

సాధారణంగా అందరూ కట్టని గట్టిచేయడం మీదే పడతారు. నా ఉద్దేశంలో సగం డబ్బు డెక్‌ని మెత్తబరచడానికి పెట్టాలి.

అమెరికాలోని ప్యూబ్లోలో ఫాస్ట్ అనే పరీక్షా లూప్ ఉంది. 1988 నుంచి అక్కడ సుమారు 35 టన్నుల యాక్సిల్ లోడుతో రైళ్లు తిప్పారు. అక్కడా, నడిచే లైన్లలోనూ చేసిన పరిశీలనల్లో తేలిందేంటంటే, మట్టి ఇప్పటికే బాగున్న చోట దాన్ని ఇంకా గట్టిచేసినందువల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. గొడవ డెక్ మీది ట్రాక్ మరీ బిగుసుగా, డ్యాంపింగ్ (కుదుపుని పీల్చుకునే గుణం) లేకుండా ఉండటంలో ఉంది. డెక్ మీద కంకర కింద రబ్బరు మ్యాట్, లేదా కాంక్రీట్ స్లీపర్ల కింద రబ్బరు ప్యాడ్ వేస్తే ఫలితం కనిపించింది.

మట్టి నిజంగానే బలహీనంగా ఉంటే, నీరు నిలుస్తుంటే, అప్పుడు ముందు నీరు, తర్వాత మట్టి. అప్రోచ్ స్లాబ్ మంచిదే గానీ, దాని అవతలి చివర కూడా కుంగితే గుంటని కొన్ని మీటర్లు వెనక్కి జరిపినట్టే అవుతుంది.

వాలుగా దాటే బ్రిడ్జి చివర ట్రాక్ మెలిక పడుతోంది, ఎందుకు?

స్క్యూ బ్రిడ్జి చివర స్లీపర్‌కి ఒక కొన డెక్ మీద, ఇంకో కొన మట్టి మీద ఉంటాయి. మట్టి వైపు కుంగితే రెండు పట్టాల ఎత్తు తేడా వస్తుంది. బరువు దిగిన ఖాళీ వ్యాగన్‌కి ఈ మెలిక మరీ ప్రమాదం. డెక్ చివరని, లేదా అప్రోచ్ స్లాబ్‌ని ట్రాక్‌కి అడ్డంగా, లంబకోణంలో ముగించడమే మందు.

డెక్ చివర క్లిప్పులు మాటిమాటికీ ఊడిపోతున్నాయి, క్లిప్పు నాణ్యతా?

ముందు డెక్ చివర తిరుగుడు చూడండి. స్పాన్ మధ్యలో వంగితే చివర బేరింగ్ మీద తిరుగుతుంది. బేరింగ్‌కి అవతల పొడుచుకొచ్చిన ముక్క పైకి లేచి పట్టాని ఎత్తుతుంది. ఆ ఎత్తుడు క్లిప్పు మీద పడుతుంది. పొడుచుకొచ్చిన భాగం ఎంత పొడవుంటే అంత చేటు.

## నడుస్తున్న లైన్‌లో

ట్యాంపింగ్ చేసిన కొన్ని రోజులకే గుంట మళ్లీ వస్తోంది. మెషీన్ తప్పా?

మెషీన్ తప్పు కాదు. ట్యాంపింగ్ కంకరని స్లీపర్ కిందికి నెడుతుంది, నలిగిన కంకరని కొత్తది చేయదు. ప్రతిసారీ రాళ్ల మూలలు ఇంకాస్త విరుగుతాయి, కాబట్టి తర్వాతి గుంట ఇంకా త్వరగా వస్తుంది. రెండుసార్లు వరసగా అదే చోట గుంట పడితే మూడోసారి మెషీన్‌ని పిలవకండి. స్లీపర్ పక్కన తవ్వి చూడండి. స్లీపర్ కొనల దగ్గర తెల్లటి పొడి పేరుకుని ఉంటే కంకర అరిగిపోయింది. బురద ఉబికి ఉంటే కింద నీరుంది. రెండూ లేకపోతే మట్టి కుంగుతోంది. మూడింటికీ వైద్యం వేరు.

ట్రాక్‌ని కాస్త ఎత్తితే బ్రిడ్జికి వచ్చే నష్టమేంటి?

బరువు. 4 మీటర్ల వెడల్పు డెక్ మీద 100 మి.మీ. అదనపు కంకర అంటే మీటరుకి సుమారు 0.7 టన్నులు. 20 మీటర్ల స్పాన్‌కి 14 టన్నులు, రైలు ఉన్నా లేకపోయినా అక్కడే ఉంటాయి. ఏ ఒక్కరూ ఒకేసారి 100 మి.మీ. ఎత్తరు. ఎత్తిన ప్రతిసారీ ఇరవై, పాతిక. పదేళ్లకి కంకర పక్క గోడల పైకి వచ్చి పొర్లుతుంటుంది. బ్రిడ్జి రికార్డులో మాత్రం కట్టినప్పటి మందమే ఉంటుంది.

అలైన్‌మెంట్ 75 మి.మీ. పక్కకి జరిగింది, అంతేగా?

1.8 మీటర్ల ఎడంలో రెండు గర్డర్లున్న బ్రిడ్జి మీద ఆ 75 మి.మీ.కి ఒక గర్డరు వాటా 50 నుంచి 54 శాతానికి పెరుగుతుంది. అంటే ఆ గర్డరు మీద రైలు భారం 8 శాతం ఎక్కువ. వంపులో ఉన్న బ్రిడ్జి మీద నిండు రైళ్లు నెమ్మదిగా పోతుంటే, ఎక్కువైన కాంట్ (బయటి పట్టాని ఎత్తి పెట్టడం) వల్ల లోపలి పట్టా మీద భారం ఇంకా కలుస్తుంది. ట్రాక్ జరిపే ముందు డెక్ మధ్యగీతకి కొలత తీసుకోవడం పది నిమిషాల పని.

ఖాళీ రైలు పోతుంటే బ్రిడ్జి నిండు రైలు కంటే ఎక్కువ ఊగుతోంది. భ్రమా?

భ్రమ కాదు. తేలికైన వ్యాగన్ అరిగిన చక్రాలతో పట్టాల మధ్య పక్కలకి కొట్టుకుంటుంది. పొడవాటి, సన్నని ఉక్కు స్పాన్లు అడ్డంగా ఊగడానికి అది చాలు. ఒక నిర్ణీత వేగం దగ్గరే ఊపు ఎక్కువగా ఉంటే అది లయ కలవడం. ఉత్తర అమెరికాలో 39 అడుగుల పట్టాల కాలంలో, ఎడమ కుడి జాయింట్లు ఒకదానికొకటి తప్పించి ఉండేచోట, గంటకి 10 నుంచి 25 మైళ్ల మధ్య ఎత్తైన వ్యాగన్లు అటూ ఇటూ ఊగి పట్టాలు తప్పేవి. వేగం కాస్త మార్చి చూడండి, కారణం దొరుకుతుంది.

బేరింగ్ బిగుసుకుపోయింది. ట్రాక్ వాళ్లకి దాంతో పనేంటి?

రోలర్ తిరగకపోతే డెక్ ఎండకి సాగడానికి దారి ఉండదు. ఆ బలం పియర్‌లోకీ, పట్టాలోకీ పోతుంది. పట్టా ఒక చివర బిగుస్తుంది, ఇంకో చివర స్లీపర్లు వంకరగా తిరుగుతాయి. బ్రిడ్జి చివర స్లీపర్లు పట్టాకి లంబంగా లేకపోతే ముందు కిందికి దిగి బేరింగ్ పళ్లెం మీద రోలర్ కదిలిన మెరుపు ఉందో, పాత తుప్పు చెక్కుచెదరకుండా ఉందో చూడండి.

## తనిఖీలో, లోపం బయటపడ్డాక

కొలిస్తే అంతా సరిగ్గానే ఉంది, రైలు వస్తే మాత్రం దబదబ మంటోంది. ఎలా పట్టుకోవాలి?

బరువు లేనప్పుడు వేలాడే స్లీపర్ కనపడదు, పట్టా సూటిగానే ఉంటుంది. రైలు పోతున్నప్పుడు సురక్షిత దూరంలో నిలబడి అబట్‌మెంట్ అవతలి మొదటి పదిహేను స్లీపర్లని చూడండి. ఏది ఎంత లేస్తోందో కంటికే తెలుస్తుంది. అంకె కావాలంటే స్లీపర్ కింది ఖాళీని కొలిచే పరికరం పెట్టండి, లేదా బరువుతో కొలిచే ట్రాక్ రికార్డింగ్ కారు గ్రాఫ్‌లో బ్రిడ్జి చివర్లని విడిగా తీసి వరస నెలలవి ఒకదాని కింద ఒకటి పెట్టండి. సగటు చూస్తే ఏమీ కనపడదు.

ఎండాకాలంలో బ్రిడ్జి ముందే పట్టా ఎందుకు మెలికపడుతుంది?

వాలులో దిగుతూ బ్రేకు వేసే రైళ్లు పట్టాని కొద్దికొద్దిగా ముందుకి తోస్తాయి. ఆ తోపు ఎక్కడో ఆగాలి, బ్రిడ్జి చివర ఆగుతుంది. అక్కడ పట్టా పోగుపడి దాని తటస్థ ఉష్ణోగ్రత (పట్టాలో సాగుడు, నొక్కుడు రెండూ లేని ఉష్ణోగ్రత) పడిపోతుంది. అంటే ఎండ మామూలుగా ఉన్నా పట్టాకి అది పెద్ద ఎండ. అదే చోట కొత్తగా ట్యాంపింగ్ చేసి ఉంటే కంకర పక్కపట్టు కూడా తక్కువ. అందుకే ఎండలు ముదిరే ముందు బ్రిడ్జి చివర్లలో పెద్ద ట్యాంపింగ్ పెట్టుకోకూడదు. తప్పకపోతే కంకర కుదురుకునేదాకా వేగం తగ్గించాలి.

చలికి బ్రిడ్జి మీద పట్టా విరిగితే ఎంత ఖాళీ తెరుచుకుంటుంది?

కట్ట మీద 60 కిలోల పట్టా, తటస్థ ఉష్ణోగ్రత కంటే 40 డిగ్రీలు తక్కువ, ఒక్కో పట్టాకి కంకర పట్టు మీటరుకి 10 కిలోన్యూటన్లు అనుకుంటే సుమారు 34 మి.మీ. కదిలే డెక్ చివర అయితే డెక్ ముడుచుకున్న మేర కూడా దానికి తోడవుతుంది. 32 టన్నుల యాక్సిల్ ఆ ఖాళీ మీదుగా దాటడం అదృష్టానికి వదిలేయాల్సిన విషయం కాదు. డెక్ చివర్లకి దగ్గరగా వెల్డింగులు పెట్టకపోవడం, ఉన్నవాటిని అల్ట్రాసోనిక్‌తో మామూలు కంటే తరచుగా చూడటం మంచిది.

వందల బ్రిడ్జిలున్నాయి, మనుషులు తక్కువ. దేంతో మొదలుపెట్టాలి?

వయసు బట్టి వరస పెట్టొద్దు. ముందు నిండు రైళ్లు నడిచే దిక్కులో, 15 మీటర్ల లోపు ఉక్కు స్పాన్లు, అప్రోచ్‌లో మాటిమాటికీ ట్యాంపింగ్ పడ్డవి తీయండి. ఆ మూడూ కలిసిన చోట దెబ్బా ఎక్కువ, ఒత్తిడి సైకిళ్ల లెక్కా ఎక్కువ. ట్రాక్ విభాగం ట్యాంపింగ్ చిట్టానీ, బ్రిడ్జి విభాగం పగుళ్ల చిట్టానీ ఒకే బల్ల మీద కిలోమీటరు వారీగా పక్కపక్కన పరిస్తే జాబితా సగం అదే తయారవుతుంది. తర్వాత బేరింగ్ బిగుసుకున్నవి, ఆపైన కంకర మందం పెరిగినవి. పొడవాటి కాంక్రీట్ బ్రిడ్జిలు ఆ తర్వాత చూసినా ఫరవాలేదు, వాటి ఎక్స్‌పాన్షన్ జాయింట్లు తప్ప.